గృహశిల్పము: కాగితపు ఆనవాళ్ళు

పెండ్లి ముహూర్తములు దగ్గఱపడినకొలది ప్రతి గృహమునను ఒక ప్రశ్న పుట్టుచుండును: పెండ్లికూతురి చేతిలో ఏమి పెట్టవలెను? అంగడికి పోయి వెండికుందులో, గాజుబొమ్మయో, ఉక్కుపాత్రయో కొని, మెఱుగుకాగితము చుట్టించి, దానిపై మన పేరు వ్రాసి యిచ్చి వత్తుము. మఱునాడు ఆ యింట మెఱుగుకాగితములను చించి యొక మూలకు త్రోయుదురు. మన పేరును వానితోనే పోవును. పిమ్మట ఆ కుందు లెవరిచ్చినవో, ఆ బొమ్మ యెవరిదో పెండ్లికూతురికే తెలియదు. వస్తువు నిలిచినది గాని యిచ్చిన మనిషి నిలువలేదు.

గుఱుతుగా నిచ్చు వస్తువును సంస్కృతమున అభిజ్ఞానమందురు, తెనుగున ఆనవాలు. అశోకవనమున సీతాదేవి హనుమంతుని చేతికిచ్చిన చూడామణి యట్టిది. ఆ మణిని చూచినతోడనే శ్రీరాముడు తల్లిని, తన్ను, దశరథమహారాజును, ముగ్గురిని స్మరించునని యామె పలికినట్లు వాల్మీకి వ్రాసినాడు. మణి వెల యెంతయో ఆ తల్లి చెప్పలేదు. అది యెవరిని జ్ఞప్తికి దెచ్చునో చెప్పినది. ఆనవాలునకు లక్షణ మింతకంటె వేఱొకటి లేదు. ఇచ్చు వస్తువులో నొక మనిషి చేయి కనబడవలెను. ఆ మనిషి పోయిన తరువాతను ఆ వస్తువు నిలిచియుండవలెను.

ఈ మాసము కాగితముతో నింట చేసికొనదగిన ఆనవాళ్ళను గుఱించి ముచ్చటింతుము. కాగితము రెండునాళ్ళలో నలిగిపోవునది గదా యని మీరనవచ్చును. సీ.పీ. బ్రౌను దొరగారు (1798–1884) మన తాళపత్ర కావ్యములను పండితులచేత, లేఖకులచేత కాగితములపై వ్రాయించిరి. ఆయన సేకరించిన గ్రంథములు నేటికిని చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నున్నవి. మంచి కాగితము, మంచి జిగురు, పట్టుగల కుట్టు అను మూడును కుదిరినయెడల కాగితము మనుమరాలి చేతికి చేరును. వీనిలో నొకటి తప్పినను మన కండ్లయెదుటనే పొడియగును. కావున పనికంటె ముందు సరకులను గుఱించి నాలుగుమాటలు చెప్పవలసియున్నది.

ఏ కాగితము నిలుచును?

పూర్వము కాగితమును ప్రాత నూలుగుడ్డలను నానబెట్టి, దంచి, ఆ గుజ్జును జల్లెడపై పఱచి చేసెడివారు. పందొమ్మిదవ శతాబ్ది నడుమనుండి యంత్రశాలలలో కఱ్ఱగుజ్జుతో చేయుట విస్తరించినది. కఱ్ఱలో లిగ్నిన్ అను పదార్థము కలదు. వెలుతురును గాలియు తగిలినకొలది అది పసుపువన్నెకు తిరుగును. వార్తాపత్రిక నొకదానిని నాలుగుదినము లెండలో నుంచిన మీకే తెలియును. అదిగాక, సిరా పీల్చకుండుటకై యంత్రపు కాగితములలో పటిక కలుపు వాడుక చాలకాల ముండెను. దానినుండి పుట్టిన ఆమ్లము కాగితపు పోగులను లోలోపల తినివేయును. అటక మీది ప్రాత పుస్తకము పుట త్రిప్పబోగా అప్పడమువలె విఱుగుటకు ఇదియే కారణము.

నూలుగుడ్డతో చేసిన చేతికాగితమున కీ జబ్బులు తక్కువ. 1934లో గాంధీగారి ప్రేరణచే వెలసిన అఖిలభారత గ్రామోద్యోగ సంఘము మూలబడిన యీ పనిని మరల నిలబెట్టుటకు పాటుపడినది. నేడు జయపురము చెంతనున్న సంగనేరులోను, పుదుచ్చేరి శ్రీ అరవిందాశ్రమమునను చేతికాగితము తయారగుచున్నది. మన పట్టణములలో ఖాదీ భండారములను విచారించిన దొరకును. అది లభింపనిచో, పొట్లముపై ఆమ్లరహితమని ముద్రించియున్న తెల్లకాగితమును కొనుడు. మాది బడిపంతులుగారి యిల్లగుటచే ఒకవైపు వ్రాసిన కాగితములకు మాకు కొఱతలేదు. అవి గుజ్జునకును, పిల్లల యాటలకును పనికివచ్చును. నిలువవలసిన వ్రాతకు పనికిరావు.

విడువవలసిన వస్తువులు కొన్ని కలవు. అంటించు టేపు కొన్నియేండ్లకు పచ్చబడి, ఎండి, ఊడిపోవును. దాని మరక మాత్రము పోదు. గుండుసూదులును, యంత్రముతో గ్రుచ్చు పిన్నులును మన సముద్రతీరపు తేమకు త్రుప్పుపట్టి, త్రుప్పు చుట్టునున్న కాగితమును తినును. ఎఱ్ఱ, ఆకుపచ్చ పలుచకాగితములు తడి తగిలినంతనే వన్నె విడిచి ప్రక్కపుటలను పాడుచేయును. అంగడి యంత్రము వెలిగ్రక్కు నున్నని చీటీలపై అక్షరములు కొద్దిమాసములలోనే మాసిపోవును. వానిని జ్ఞాపకార్థము దాచుట వ్యర్థము. వ్రాతకు పెన్సిలు మిక్కిలి నమ్మదగినది. చెఱిపినగాని చెడదు, వెలుతురునకు వెలిసిపోదు.

జిగురు

మైదాపిండి జిగురు సులభమే గాని, బొద్దింకలకును వెండిపురుగులకును అది విందుభోజనము. పుస్తకములు కుట్టువారు పురుగు రాకుండుటకు అందులో మయిలుతుత్తము కలుపుదురు. అది విషము. పసిపిల్లలు తిరుగాడు గృహములందు దానిని తేవద్దని మా మనవి.

చింతగింజల జిగురు మన దేశపు పనివాండ్రకు తరతరములుగా తెలిసినది. కొండపల్లి బొమ్మలవారు తెల్లపొణికి కఱ్ఱతో మలచిన యంగములను చింతగింజల ముద్దయు, ఱంపపుపొట్టును కలిపిన మక్కుతో నతుకుదురు. చేర్యాల నకాషీలు పటము వ్రాయుటకు ముందు గుడ్డకు పూయు పూతలోను చింతగింజల జిగురు కలదు. దానిని చేయు విధము:

చింతగింజలను మూకుటిలో దోరగా వేయించి, రోటిలో మెల్లగా పొడిచి పైపొట్టు తీసివేయవలెను. తెల్లని పప్పును ఒక పగలు, ఒక రాత్రి నానవేసి మెత్తగా రుబ్బవలెను. ముద్ద యొకపాలునకు నీ రెనిమిదిపాళ్ళు చేర్చి, సన్నని సెగపై అడుగంటకుండ కలియబెట్టుచు దోసెలపిండివలె చిక్కబడువఱకు కాచి, పలుచని గుడ్డలో వడకట్టవలెను. ఆ నీటిలో ముందుగా గుప్పెడు వేపాకు మరిగించి తీసివేయుట మా యింటి వాడుక. ఈ జిగురు రెండుదినములకంటె నిలువ యుండదు. కావలసినంతయే చేసికొనుడు.

మెంతులగుజ్జు బుట్ట

వెదురుచేటల సందులు పూడుటకును, బుట్టలు గట్టిపడుటకును కాగితమును మెంతులతో కలిపి రుబ్బి అలుకుట మన అమ్మమ్మలకు తెలిసిన విద్యయే. మెంతుల జిగట గుజ్జును పట్టియుంచును. ఆ విద్యతోనే పేరంటమునకు పసుపుకుంకుమల పొట్లము లుంచదగిన చక్కని బుట్టను చేయవచ్చును.

కాగితములను కత్తెరతో కత్తిరింపక చేతితో చిన్నచిన్న తునకలుగా చింపవలెను. చింపిన యంచున పోగులు విడివడి యొకదానితో నొకటి పెనవేసికొనును. కత్తిరించిన యంచున కా గుణము లేదు. ఈ పని పిల్లల కప్పగింపుడు. ఒక సాయంకాలము సందడిగా గడచును. తునకలను మూడుదినములు నీట నాననిచ్చి, దినమునకొకమాఱు నీరు మార్చవలెను. నాలుగవనాడు రోట దంచి, నీరు పిండివేసిన గుజ్జు నాలుగుగిన్నెలకు, రాత్రి నానవేసి రుబ్బిన మెంతులముద్ద ఒకగిన్నె చొప్పున కలిపి, చపాతిపిండివలె మర్దింపవలెను.

ఒక గిన్నెను బోర్లించి, దానిపై తడిగుడ్డను ముడుతలు లేకుండ పఱచి, గుజ్జును పావు అంగుళపు మందమున అంతట సమముగా అద్దవలెను. అడుగుభాగము కొంచెము మందముగా నుండనిండు. మొదటిదినము నీడలోనే యుంచవలెను. తొందరపడి యెండలో పెట్టిన పైభాగము ముందెండి బీటలువాఱును. రెండవనాడు గుజ్జు గిన్నెనుండి విడివడును. అప్పుడు మెల్లగా తీసి, గుడ్డ నొలిచి, మూడునాలుగు దినములు మంచి యెండలో నుంచిన గంటవలె మ్రోగునంత గట్టిపడును. ఉప్పుకాగితముతో రుద్ది నునుపుచేసి, చింతగింజల జిగురుతో తెల్లకాగితపు తునకలను లోపల, వెలుపల రెండువరుసలు అంటింపుడు. ఆఱిన పిమ్మట జేగురు పూసి, తెల్లరంగుతో మీకు వచ్చిన ముగ్గు పెట్టుడు. మీ యింటి వాకిట మీ తల్లి వేసిన ముగ్గే అయినచో మఱియు మంచిది.

తుదకు బుట్ట లోపలి అడుగున చేతివ్రాత చీటీ యొకటి అంటింపవలెను: ఎవరు చేసిరి, ఏ యూర, ఏ తేదిని, ఎవరికొఱకు. ఈ నాలుగుముక్కలు లేనియెడల ముప్పదియేండ్ల తరువాత అది ఎవరిదో తెలియని ప్రాతబుట్ట మాత్రమే యగును.

ఒక హెచ్చరిక. ఇందు ముద్రణసిరా కలిసియుండును గావున తినుబండారములను దీనిలో నుంచరాదు. తినుపదార్థములను చుట్టుటకు, నిలువచేయుటకు వార్తాపత్రికలు వాడరాదని 2018లో వెలువడిన ఆహారభద్రతా నిబంధనలును చెప్పుచున్నవి.

శుభలేఖలు

ప్రతిగృహమునను శుభలేఖలు దొంతరగా పేరుకొనుచుండును. వానిపై విఘ్నేశ్వరుని బొమ్మయు, వేంకటేశ్వరస్వామి బొమ్మయు ఉండుటచే పాఱవేయ మనసొప్పదు. బొమ్మలను అంచువెంట కత్తిరించి బుట్టలమీద అలంకారముగా నంటింపవచ్చును. మందపు అట్టను రెండంగుళముల వెడల్పున, ఆఱంగుళముల పొడవున కోసి, పైకొసన రంధ్రముచేసి పట్టుదారము కట్టిన పుస్తకములో పెట్టుకొను గుఱుతుపట్టీ యగును. లోపలి పలుచకాగితముతో అక్షతల పొట్లములు కట్టవచ్చును. ఇంతకుమించి వానితో పెద్దపనులు పెట్టుకొనవద్దు. బంగారువన్నె ముద్రణపై జిగురు సరిగా పట్టదు.

అయితే మీ యింటి పెండ్లిశుభలేఖను మాత్రము ఒకటి కోయక దాచుడు. అది యెందులకో ముందు చెప్పుదుము.

అప్పగింతల పుస్తకము

మేము ముఖ్యముగా చెప్పదలచినది దీనినిగూర్చియే. అత్తవారింటికి పోవు పిల్లకు సారెతోపాటు పంపదగిన చేతికుట్టు పుస్తక మిది. ఖర్చు స్వల్పము, పట్టు సమయము పది సాయంకాలములు.

మొదట కుట్టు విధము. పది కాగితముల నొక్కొక్కటిగా నడిమికి మడచి, ఒకదానిలో నొకటి చొనిపిన నలుబది పుటల పుస్తకమగును. యంత్రపు కాగితమునకు పోగు ఒకదిక్కున నుండును. మెల్లగా వంచిచూచిన ఏ దిక్కున సులభముగా వంగునో ఆ దిక్కున పోగున్నదని గ్రహింపవలెను. మడత పోగువెంట నుండవలెను. అడ్డముగా మడచిన వీపు పగులును. చేతికాగితమునకు పోగుదిక్కు దాదాపు లేదు గావున ఆ చిక్కులేదు.

మడతనడుమ సరిగా మధ్యభాగమున ఒకటి, పైకొసకును క్రిందికొసకును అంగుళమున్నర లోపల చెఱియొకటి, మూడు రంధ్రములు దబ్బనముతో పొడువవలెను. పుస్తకపు పొడవునకు రెండున్నర రెట్లు నూలుదారము తీసికొని తేనెమైనముపై రెండుమాఱులు లాగవలెను. సూదిని లోపలనుండి నడిమి రంధ్రమున వెలుపలికి తీయుడు. దారపుకొస నాలుగంగుళములు లోపల విడువుడు. వెలుపలనుండి పైరంధ్రమున లోనికి. లోపలివైపున నడిమిరంధ్రమును దాటించి క్రిందిరంధ్రమున వెలుపలికి. మరల నడిమిరంధ్రమున లోనికి తెండు. లోపల పొడవుగా సాగిన దారమున కిరుప్రక్కల నున్న రెండుకొసలను దానిపై గట్టిగా ముడివేయుడు. ఈ కుట్టు వదులుకాదు. పుట పూర్తిగా తెఱచుకొనును.

పై అట్టకు మందపు చేతికాగితమును, దానిపై తల్లి పట్టుచీర చినిగినదుండిన దాని యంచును వాడుడు. జిగురు చిక్కగా నుండవలెను. పలుచనైన పట్టుపైకి తేలి మరకలగును. అంటించిన అట్టను ఆఱిన గుడ్డలనడుమ నుంచి, పైన పీటయు, పీటపై సన్నికల్లు పొత్రమును పెట్టి రాత్రియంత ఉంచిన వంకర తిరుగకుండును. దీనిని పుస్తకముతోపాటే కుట్టవలెను.

ఇక లోపల ఏమి వ్రాయవలెను? వట్టి పుస్తకము అంగడిలోను దొరకును. దీనిని ఆనవాలుగా చేయునవి లోపలి పుటలే.

మొదటి పుటలో ఆ పిల్ల తల్లి పేరు, ఆమె తల్లి పేరు, ఆ తల్లికి తల్లి పేరు, తెలిసినంతవఱకు పైపైకి వ్రాయుడు. ఒక్కొక్క పేరునకు ఎదురుగా పుట్టినయూరును, మెట్టినయూరును ఉండవలెను. మన యిండ్లలో వంశవృక్షములు గోడలకు వ్రేలాడుచునే యున్నవి. వానిలో తండ్రి, తాత, ముత్తాతలు కొమ్మలుకొమ్మలుగా నుందురు. వారిని కన్నవారి పేర్లు తఱచుగా కానరావు. మీ అమ్మమ్మ తల్లి పేరేమి? చదువుట ఆపి యొకక్షణము తలచుకొనుడు. మేము పదుగురు పేరంటాండ్ర నీ ప్రశ్న యడుగగా ఇద్దఱు మాత్రమే తడుముకొనక చెప్పిరి. ఆ తల్లులు పెట్టిన ఊరగాయ మనమింకను తినుచున్నాము. వారు పాడిన లాలి మన పిల్లల కింకను పాడుచున్నాము. వారి పేరు మాత్రము మనకు తెలియదు!

రెండవ పుటలో ఆ పెండ్లి శుభలేఖ నుంచవలెను. దానిని పూర్తిగా అంటింపక పైయంచునకు మాత్రము సన్నని జిగురుగీత వేయుడు.

తరువాతి పుటలు ఇంటనున్న పెద్దవారివి. ప్రతియొక్కరు తమ చేతితోనే వ్రాయవలెను. అక్షరములు వంకరగా నున్నను, తప్పులున్నను మీరు దిద్దవద్దు. శుభ్రముగా మరల వ్రాసి పెట్టుదుమను చదువుకొన్న కోడండ్రు కొందఱు కలరు. వారికి మా విన్నప మిది: సొగసైన మీ వ్రాత ఎప్పుడైనను దొరకును, ఆమె వ్రాత దొరకదు. నాయనమ్మ మంగళహారతి వ్రాయవచ్చును. మేనత్త అప్పగింతలపాట వ్రాయవచ్చును. తాతగారు తాము చూచిన యిల్లు, బావి, ఊరిచెఱువు వర్ణింపవచ్చును. తండ్రి ఆ పిల్ల పుట్టిననాటి సంగతి నాలుగుపంక్తులు వ్రాసిన చాలును. చదువురాని అవ్వ యున్నచో ఆమె చెప్పుచుండగా వేఱొకరు వ్రాసి, ఆమె చేతిని ఎదుటిపుటపై చాపించి పెన్సిలుతో చుట్టును గీయవలెను. ముడుతలుపడిన ఆ వ్రేళ్ళ గీత అక్షరమునకు తీసిపోదు.

వంటకములు వ్రాయునప్పు డొక జాగ్రత్త అవసరము. అత్తగారు సోలెడు ఆవపిండి యందురు. సోల యొక్కొక్క యింట నొక్కొక్క తీరుగ నుండును. ఆ యింటి సోల దూరదేశమున దొరకదు. అందుచే ఆ పాత్రతోనే ఆవపిండిని, ఉప్పును, కారమును వేఱువేఱుగా కొలిచి, త్రాసున తూచి, ప్రక్కన గ్రాములలో వ్రాయుడు. గుప్పెడనిన ఆమె గుప్పెడే తూచుడు. అత్తగారి మాటను అట్లే యుంచి, తూకము ప్రక్కన చేర్చుట మంచి పద్ధతి.

తుది ఎనిమిది పుటలను ఖాళీగా విడువుడు. అవి ఆ పిల్ల తన కూతురికై వ్రాయవలసినవి.

మేమెఱిగిన యొక యింట రెండవ మనుమరాలు పెండ్లియై అమెరికాకు పోవుచు ఇట్టి పుస్తకమును తీసికొనిపోయినది. ఆ యింటి మామ్మగారికి అప్పటికి ఎనుబదియేండ్లు దాటినవి, చేయి వణకుచుండెను. తనవంతు వచ్చినప్పుడు, నా వ్రాత యెవరు చదువుదురమ్మా యని పుస్తకమును రెండుమాఱులు త్రోసివేసినది. కోడలు బలవంతపెట్టక దానిని పడకప్రక్కన పెన్సిలుతోసహా వదలిపెట్టినది. మూడవనాటి తెల్లవారుజామున చూడగా, పుటనిండ పెద్దపెద్ద అక్షరములతో ఒక లాలిపాట! అది ఆ యింట నెవరును వినని పాట. ఆమె తల్లి ఆమెకు పాడినదట. తన పిల్లలు పుట్టినప్పుడు అత్తవారింటి పాటలే పాడవలసివచ్చుటచే దానిని పైకి తీయలేదట. మఱుసటియేడు మామ్మగారు పోయిరి. ఆ పాటయిప్పుడు సముద్రములకావల నొక తొట్టె ప్రక్కన పాడబడుచున్నది. ఆ పుట వ్రాయకున్నచో ఆ పాట ఉండెనను సంగతియే ఎవరికిని తెలియకపోయెడిది.

ఫోనులో పాట పట్టియుంచవచ్చును గదా యని యువతులడుగుదురు. తప్పక పట్టుడు, గొంతు కాగితముపై నిలువదు. కాని ఫోనులు నాలుగైదేండ్ల కొకమాఱు మాఱుచుండును. పోయినదానితో ఎన్ని చిత్రములు, ఎన్ని మాటలు పోయినవో లెక్కలేదు. పుస్తకమునకు విద్యుత్తు అక్కఱలేదు. రెండును ఉండనిండు, ఒకటి పోయిన రెండవది మిగులును.

దాచు విధము

పుస్తకమును ఉతికి ఆఱవేసిన తెల్లని నూలుగుడ్డలో చుట్టి బీరువాలో పరుండబెట్టవలెను. ప్లాస్టికుసంచిలో బిగించిన తేమ లోపలనే నిలిచి బూజుపట్టును. గోడకానించి పెట్టరాదు, వానకాలమున చెమ్మ దిగును, చెదలు గోడవెంటనే వచ్చును. గుడ్డమడతలలో ఎండిన వేపాకు వేయుట మన పూర్వుల పద్ధతి. పచ్చియాకు వేసిన దాని తడి కాగితమునకు చేరును. మూడుమాసముల కొకమాఱు తీసి, నీడలో గాలికి పుటలు విప్పిచూడుడు. చూచుట వలన పురుగు బయటపడును, మనసును కుదుటపడును.

వయసును గుఱించి

మా వయసున కీ కత్తెరపను లెందులకని తలచు పెద్ద సోదరీమణుల కొక నిజమైన చరిత్ర చెప్పి ముగింతుము. ఆంగ్లదేశమున మేరీ డెలనీ అను నామె 1700లో పుట్టినది. రెండవభర్తను పోగొట్టుకొని, స్నేహితురాలి యింట కాలము గడపుచుండగా, 1772లో, డెబ్బదిరెండవ యేట, ఒక ఎఱ్ఱకాగితపు తునకయు జెరేనియము పువ్వు రేకును ఒక్కవన్నెగా నుండుట ఆమె కంటబడినది. కత్తెర తీసికొని ఆ పువ్వునే కాగితముతో కోసి, నల్లని కాగితముపై నంటించినది. అటుపిమ్మట పదియేండ్లు, చూపు మందగించువఱకు, ఒక్కొక్క రేకును, కేసరమును, ఆకుఈనెను వేఱువేఱు వన్నెల తునకలతో కోసి యంటించుచు, తొమ్మిదివందల యెనుబదికి పైగా పుష్పచిత్రములను చేసినది. అవి నేటికిని లండనునందలి బ్రిటిషు మ్యూజియమున నున్నవి. ఆమె పనిముట్లు కత్తెర, కాగితము, జిగురు. మన యింటను ఆ మూడును గలవు.

సోదరీమణులారా! బుట్టను వచ్చు మాసమైనను చేయవచ్చును. శుభలేఖల పని సెలవులకు వాయిదా వేయవచ్చును. అప్పగింతల పుస్తకపు పని యట్టిది కాదు. పెండ్లి కుదిరినగాని మొదలుపెట్టరాదను నియమమును దీనికి లేదు. ఈ పత్రిక మూసినతోడనే ఒక కాగితమును, పెన్సిలును తీసికొని ఇంటనున్న పెద్దామె కడకు పోయి, ఆమె తల్లి పేరును, ఆ తల్లికి తల్లి పేరును వ్రాసిపెట్టుమని యడుగుడు. ఇతర సరకులన్నియు అంగడిలో ఎన్నడైనను దొరకును. ఆమె చేయి నేడున్నది.

వచ్చు మాసమున ప్రాత నూలుచీరలతో పసిపిల్లలకు బొంతలు కుట్టు విధమును వివరింతుము. మీ యిండ్ల పద్ధతులేమైన నున్న తెలుపుడు. వానిని కూడ చేర్చుకొందుము.